1526లో దిగితే మనల్ని లోపలికి రానిస్తారా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ ఫోన్ చేశారు. “ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతున్నావు గదా, సైన్సు మీద రాయరా, పిల్లలకు పనికొస్తుంది” అన్నారు. సరేనన్నాను. కానీ గురుత్వాకర్షణ మీద రాస్తే మన పిల్లలు ఆ పేజీలు చింపి వానాకాలంలో పడవలు చేసుకుంటారని నాకు తెలుసు. నేనూ చేశాను కాబట్టి! అందుకని సినిమా మీద రాస్తున్నాను. సైన్సు మధ్యలో వస్తుంది, భయపడకండి.

ఆ సినిమా ‘ఆదిత్య 369’.

2014లో నేను ఏడో తరగతి. ఒక ఆదివారం సాయంత్రం స్టడీ అవర్‌కి సెలవిచ్చి టీవీ పెట్టారు. హాల్లో చాపల మీద నలభై మందిమి ఒకరి మీద ఒకరం పడి కూర్చున్నాం. బాలకృష్ణ, మోహిని టైమ్ మెషీన్ ఎక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికి వెళ్ళారు. కొలువు, నాట్యం, తెనాలి రామకృష్ణుడు అన్నీ అయ్యాయి. అక్కణ్ణించి తప్పించుకుని ఇంటికి రావాల్సినవాళ్ళు గురి తప్పి 2504లో దిగారు. మూడో ప్రపంచ యుద్ధం అయిపోయింది. నేల మీదంతా రేడియేషన్. మనుషులు భూమి కింద బతుకుతున్నారు.

సరిగ్గా అక్కడ కరెంటు పోయింది.

అప్పటికి బయట చీకటి పడింది. ఎవరూ లేవలేదు. పదో తరగతి చదివే ఒక అన్న మిగతా కథ తాను చెబుతానన్నాడు. ఆయనా అంతకుముందు చూడలేదని తరవాత తెలిసింది. “కింద ఉన్నోళ్ళకి తిండి అయిపోద్దిరా. అప్పుడు రాత్రిపూట పైకొచ్చి దొరికినోణ్ణి దొరికినట్టు లోపలికి లాక్కుపోతారు” అన్నాడు. మా బాత్రూములు హాస్టల్ వెనకాల, వేపచెట్టు దాటాక ఉండేవి. ఆ రాత్రి ఒంటేలుకి ఒంటరిగా వెళ్ళిన మగాడు మా హాస్టల్లో లేడు. కరెంటు వచ్చేసరికి సినిమా అయిపోయి వార్తలు వస్తున్నాయి. మిగతా భాగం నేను చూసింది ఇంటర్లో, స్నేహితుడి ఫోన్‌లో.

మళ్ళీ 2025 ఏప్రిల్ 4న ఈ సినిమాను 4కేలో శుభ్రం చేసి థియేటర్లలో వేసినప్పుడు విజయవాడ పోయి చూశాను. విడుదలై ముప్ఫై మూడేళ్ళు దాటిన సినిమా అది. నా పక్కన కూర్చున్నవాళ్ళలో సగం మంది ఆ సినిమా కంటే చిన్నవాళ్ళే. అయినా 2504 వచ్చినప్పుడు హాలు నిశ్శబ్దమైంది. ఎందుకు? అప్పటి సెట్టింగులు ఇప్పుడు చూస్తే అట్టముక్కల్లా కనబడతాయి. గ్రాఫిక్స్ మన ఫోన్లో ఆటల పాటి కూడా లేవు. మరి ఏం పట్టుకుంది మమ్మల్ని? ఈ వ్యాసంలో నేను చెప్పబోయేది ఆ సంగతే.

ముందు వివరాలు చెప్పేస్తాను. ‘ఆదిత్య 369’ 1991 జూలై 18న విడుదలైంది. శ్రీదేవి మూవీస్ వారి చిత్రం. సమర్పణ ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు, దర్శకత్వం సింగీతం శ్రీనివాసరావు గారు. మాటలు జంధ్యాల, సంగీతం ఇళయరాజా. పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్‌లాల్ అని ముగ్గురు ఛాయాగ్రాహకులు పనిచేశారు. బాలకృష్ణది రెండు పాత్రలు, ఈ కాలపు కృష్ణకుమార్, ఆ కాలపు రాయలవారు. విలన్ అమ్రీష్ పురి, టైమ్ మెషీన్ కనిపెట్టే ప్రొఫెసర్ టినూ ఆనంద్. సింగీతం గారు ‘మాయాబజార్’ తీసిన కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసినవారు. ‘మాయాబజార్’లో పెట్టె తెరిస్తే ఎవరికి ప్రియమైనది వాళ్ళకు కనబడుతుంది గదా, ఆ ప్రియదర్శిని కూడా ఒకరకం యంత్రమే అనుకుంటే గురువు చేసిన మాయను శిష్యుడు సైన్సు పేరుతో చేశాడన్నమాట.

దీన్ని భయానక చిత్రం అని ఎవరూ అనరు. పోస్టరు మీద దెయ్యం లేదు. కానీ సైన్స్ ఫిక్షన్‌లో భయం ఎప్పుడూ దెయ్యంతో రాదు. మనిషి చేసిన పని మనిషి చేయి దాటిపోవడం దగ్గర మొదలవుతుంది. 1818లో మేరీ షెల్లీ అనే ఆవిడ ‘ఫ్రాంకెన్‌స్టైన్’ అచ్చువేయించేనాటికి ఆవిడ వయసు ఇరవై. శవాల ముక్కలతో ప్రాణిని చేసి, అది లేచి కూర్చోగానే పారిపోయిన కుర్ర శాస్త్రజ్ఞుడి కథ అది. 1979లో రిడ్లీ స్కాట్ తీసిన ‘ఏలియన్’లో వింత జంతువు ఉంది నిజమే. కానీ ఆ ఓడలో ఉన్న ఏడుగురూ ఖనిజం మోసుకుపోయే పనివాళ్ళు. మెకానిక్కులు ఇద్దరు బోనస్ వాటా తక్కువని గొణుక్కుంటూ ఉంటారు. ఆ జంతువును ఎలాగైనా తీసుకురావాలి, పనివాళ్ళు పోతే పోనీ అని కంపెనీ లోపాయికారీగా ఆదేశం ఇచ్చి ఉంటుంది. అది బయటపడినప్పుడు నాకు ఒళ్ళు జలదరించినంతగా ఆ జంతువు కోరలు చూసినప్పుడు జలదరించలేదు. మా నాన్న జగ్గయ్యపేట దగ్గర సున్నపురాయి లారీల మీద పనిచేస్తాడు. అందుకేనేమో.

‘ఆదిత్య 369’కి మూలం హెచ్.జి. వెల్స్ 1895లో రాసిన ‘ది టైమ్ మెషీన్’ నవల అని అందరికీ తెలుసు. అది చదివినవాళ్ళు మాత్రం తక్కువ. నేను పీజీలో చేరాక లైబ్రరీలో చదివాను. చిన్న పుస్తకం, రెండు రోజులు పడుతుంది. అందులో శాస్త్రజ్ఞుడు 8,02,701వ సంవత్సరానికి వెళతాడు. పైన ఎండలో ఎలోయ్ అనే సుకుమారులు పళ్ళు తింటూ ఆడుకుంటూ ఉంటారు. నేల కింద మోర్లాక్‌లు ఉంటారు, యంత్రాలు నడిపేది వాళ్ళు. చీకటి పడితే పైకొచ్చి ఎలోయ్‌లను పట్టుకుపోయి తింటారు!

ఇక్కడ పుస్తకం మూసి ఆ పదో తరగతి అన్నకు ఫోన్ చేశాను. ఇప్పుడు లారీ నడుపుతున్నాడు. సంగతి చెబితే “నేనప్పుడే చెప్పాను గదరా, మీరే నమ్మలా” అన్నాడు.

మోర్లాక్‌లు ఎక్కణ్ణించి వచ్చారంటే, వెల్స్ చెప్పే కారణం ఇది. ధనవంతులు వెలుతురును తమకు ఉంచుకుని, పనినీ పనివాళ్ళనీ నేల కిందికి తోశారు. లక్షల ఏళ్ళు గడిచి ఇద్దరూ రెండు జాతులైపోయారు. ఇది రాసినవాడు ఎవరనుకున్నారు? వెల్స్ తల్లి ఒక జమీందారీ భవంతిలో ఇంటి పనిమనుషుల మీద పెద్ద. ఆ భవంతిలో వంటవాళ్ళూ పనివాళ్ళూ నేలమాళిగల్లో, సొరంగాల్లో తిరిగేవాళ్ళు. దొరలకు వాళ్ళ మొహం కనబడకూడదు. కుర్రతనంలో బట్టల కొట్లో పనికి పెడితే అందులోంచి బయటపడి, వారానికి ఒక గినీ స్కాలర్‌షిప్ మీద లండన్‌లో సైన్సు చదివాడు. ఇది తెలిశాక నాకు వెల్స్ ఇంగ్లీషు రచయితలా అనిపించలేదు. మన హాస్టల్ పూర్వ విద్యార్థిలా అనిపించాడు.

సరే, వార్డెన్ సార్ అడిగిన సైన్సుకు వస్తాను. యుద్ధం తరవాత మనుషులు తరాల తరబడి భూమి కిందే ఉండిపోవాలా? లెక్క చూద్దాం. అణుబాంబు పేలాక రాలే రేణువుల రేడియేషన్‌కు ఒక మోటు లెక్క ఉంది. కాలం ఏడు రెట్లయితే తీవ్రత పదో వంతుకు పడిపోతుంది. పేలిన గంటకు 1000 ఉందనుకుంటే, ఏడు గంటలకు 100, రెండు రోజులకు 10, రెండు వారాలకు 1. అంటే మొదటి రెండు వారాలే గండం. మిగిలేవాటిలో సీజియం-137 ప్రతి 30 ఏళ్ళకు సగమవుతుంది, 300 ఏళ్ళకు వెయ్యో వంతు. ప్లుటోనియం-239 మాత్రం సగమవడానికే 24 వేల ఏళ్ళు పడుతుంది. అయితే అది నేలంతా సమంగా పరుచుకుని ఉండదు. 1945 ఆగస్టు 6న బాంబు పడిన హిరోషిమాలో ఇవాళ పది లక్షల మందికి పైగా కాపురం ఉంటున్నారు. కాబట్టి సినిమా కాస్త ఎక్కువే చేసింది.

అంతమాత్రాన ఊపిరి పీల్చుకోకండి. 1983లో కార్ల్ సేగన్, మరో నలుగురు శాస్త్రజ్ఞులు కలిసి ఒక పరిశోధన ప్రకటించారు. అణుయుద్ధంలో నగరాలు తగలబడితే లేచే మసి ఆకాశంలో పైకెక్కి ఎండను అడ్డుకుంటుంది, భూమి చల్లబడుతుంది, పంటలు పండవు. దాన్నే అణు శీతాకాలం అన్నారు. ఎంత చల్లబడుతుందన్న దాని మీద తరవాత వాదాలు నడిచాయి, కానీ పంట పోతుందన్న మాట నిలబడింది. బాంబు పడని దేశాల్లో కూడా ఆకలి చావులుంటాయి. మన మెట్ట ప్రాంతంలో వరసగా రెండేళ్ళు వాన మొహం చాటేస్తే మిర్చి రైతు ఏమవుతాడో, ఆ రైతు దగ్గర కూలికి పోయే మా అమ్మలాంటి వాళ్ళు ఏమవుతారో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. చీకట్లో ఆ అన్న “తిండి అయిపోద్ది” అన్నది సినిమా కంటే శాస్త్రానికి దగ్గర.

1991లో ఈ భయం గాల్లోనే ఉంది. చెర్నోబిల్ అణు కేంద్రం పేలి అప్పటికి ఐదేళ్ళే. ఆ జనవరి, ఫిబ్రవరిల్లో గల్ఫ్ యుద్ధం. సోవియట్ యూనియన్ ఇంకా ఉంది, డిసెంబరులో పోయింది. ఆ రోజుల్లో ఈ సినిమా చూసినవాళ్ళకు 2504 ఊరికే కల్పనగా ఉండి ఉండదు.

కానీ సినిమా ఒక మాట చెప్పదు. మనుషులు భూమి కిందికి వెళ్ళారు సరే, ఎవరు వెళ్ళారు? అందరికీ చోటెక్కడిది? ఎవర్ని లోపలికి పిలిచి తలుపు వేశారు? వెల్స్ ఆ ప్రశ్న వేసి నవలంతా దాని మీదే కట్టాడు. మనవాళ్ళు దాన్ని వదిలేశారు. ఇది నాకు ఈ సినిమా మీదున్న మొదటి ఫిర్యాదు. రెండోది ఇంకొంచెం పెద్దది.

పన్నెండేళ్ళప్పుడు నాకు రాయల కాలం పండగ, 2504 పీడకల. ఇరవై మూడేళ్ళకు విజయవాడ థియేటర్లో కూర్చుంటే అది తిరగబడింది. 2504 వచ్చినప్పుడు హాలంతా బిగుసుకుంది గానీ నేను మామూలుగానే ఉన్నాను. నేను బిగుసుకున్నది అంతకుముందు, 1526లో టైమ్ మెషీన్ దిగినప్పుడు! కృష్ణకుమార్ రాయల కొలువులోకి వెళ్ళి మాట్లాడతాడు, పాడతాడు, ఆడతాడు. దొంగతనం నింద మీదపడి ప్రాణం మీదికి వస్తుంది, అయినా తప్పించుకుంటాడు. బాగుంది. అదే టైమ్ మెషీన్‌లో నేను దిగితే? మా హాస్టల్ నలభై మందిమీ దిగితే? ఎవరి పిల్లలు, ఏ ఊరు, ఊళ్ళో ఏ వైపు అని అడుగుతారు. కొలువుకు వెళ్ళే దారి అక్కడే ఆగిపోతుంది. ఆ బజారులో నడవొచ్చో లేదో కూడా చెప్పలేను. పోర్చుగీసువాడు పేస్ ఆ నగరం రోమ్ అంత పెద్దదని రాసుకున్నాడు. విదేశీయుడు గనక తిరిగి చూడగలిగాడు.

అమెరికాలో ఆక్టేవియా బట్లర్ అనే నల్లజాతి రచయిత్రి 1979లో ‘కిండ్రెడ్’ అనే నవల రాసింది. ‘ఏలియన్’ వచ్చిన ఏడే. డానా అనే అమ్మాయి 1976లో లాస్ ఏంజెలెస్‌లో తన ఇంట్లో ఉండగా ఉన్నట్టుండి బానిసత్వ కాలంలోకి, మేరీలాండ్‌లోని ఒక తోటలోకి పడిపోతుంది. యంత్రం లేదు, కారణం లేదు. చదువుకున్న అమ్మాయి, అక్కడ బానిస. ఆమె భర్త తెల్లవాడు. అతను కూడా ఒకసారి ఆమెతో పాటు వెళతాడు, అతనికి అక్కడ దొరబాబు మర్యాద. ఒకే కాలంలోకి ఇద్దరూ వెళ్ళారు, ఒకరికి విహారం, ఒకరికి కొరడా. టైమ్ మెషీన్ కథలో భయం ఏ సంవత్సరంలో ఉందన్నది ఎక్కినవాడు ఎవడన్నదాన్ని బట్టి ఉంటుందని నాకు ఆ పుస్తకంతోనే తెలిసింది. ‘ఆదిత్య 369’ మళ్ళీ మళ్ళీ చూడాలనిపించడానికి కూడా అదే కారణం అనుకుంటాను. సినిమా అక్కడే ఉంటుంది, మనం పెరిగినకొద్దీ భయం ఒక చోట నుంచి ఇంకో చోటికి జరుగుతుంది.

రాయలవారి మీద నాకు కోపం లేదు. ఆయన ‘ఆముక్తమాల్యద’ రాశాడు. మన కృష్ణా జిల్లా శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులో రాయమన్నాడట. అందులో మాలదాసరి కథ ఉంది, తెలుగులో అంతకంటే మంచి భయానక కథ నేను చదవలేదు. మాలదాసరి రోజూ తెల్లవారకముందే గుడి దగ్గరికి పోయి, వెలుపల నిలబడి పాడి వస్తుంటాడు. ఒకనాడు అర్ధరాత్రినే తెల్లవారుజామనుకుని బయలుదేరి, అడవిలో దారి తప్పి కుంభజానుడనే బ్రహ్మరాక్షసుడి చేతికి చిక్కుతాడు. దేవుడికి పాడి తిరిగివస్తా, అప్పుడు తినమంటాడు. అన్నమాట ప్రకారం తిరిగి వస్తాడు కూడా! రాక్షసుడు నివ్వెరపోతాడు. చివరికి ఆ పాట ఫలంలో కొంత ధారపోయించుకునే రాక్షసుడు బాగుపడతాడు, ఆ రాక్షసుడు పూర్వం బ్రాహ్మణుడు. ఇది సాక్షాత్తూ రాజు రాసిన కథ. 1526 నాటికి రాసేసి ఉంటాడు. సినిమాలో కొలువు నిండా మనుషులున్నారు. మాలదాసరి ఏ మూలైనా ఉన్నాడేమోనని విజయవాడలో తెరంతా వెతికాను. గుడి వెలుపల నిలబడేవాణ్ణి కొలువులో వెతకడం నాదే తెలివితక్కువ.

ఇంకో సంగతి వజ్రం. కథంతా రాయల వజ్రం చుట్టూనే తిరుగుతుంది. మ్యూజియంలో దాన్ని కాజేయిస్తాడు అమ్రీష్ పురి. మా నాయనమ్మకు ఫోన్‌లో ఈ సినిమా చూపించాను. చందర్లపాడు మండలం గుడిమెట్లలో తొలకరి పడగానే జనం వజ్రాలు వెతకడానికి దిగుతారు, మీలో చాలామందికి తెలుసు. మా నాయనమ్మ కూడా సద్దిమూట కట్టుకుని పోయేది. ఏళ్ళ తరబడి వెతికినా రంగురాళ్ళు తప్ప ఏమీ దొరకలేదు. సినిమాలో వజ్రం చూసి ఆమె అడిగింది ఒక్కటే: “రాజు సరే. ముందు ఎవళ్ళకి దొరికిందిరా అది?” సినిమాలో సమాధానం లేదు. పరిటాల, కొల్లూరు గనులు ఒకప్పుడు లోకప్రసిద్ధం. రాయల తరవాత నూరేళ్ళు దాటాక ఫ్రెంచి వర్తకుడు టావెర్నియర్ కొల్లూరు వచ్చి, అక్కడ ఆడా మగా పిల్లాజెల్లా కలిసి అరవై వేల దాకా పనిచేస్తున్నారని రాశాడు. వాళ్ళలో ఒక్కరి పేరూ మనకు మిగల్లేదు. వాళ్ళు తవ్విన కొల్లూరు ఇప్పుడు పులిచింతల నీళ్ళ కింద ఉంది.

ఇన్ని ఫిర్యాదులుండి ఎందుకు మూడుసార్లు చూశావురా అని అడగొచ్చు. ఫిర్యాదు చేయబుద్ధయ్యే సినిమాలు తక్కువ, అందుకే. చూసి మరిచిపోయేవే ఎక్కువ.

చివరగా తమ్ముళ్ళు ఎప్పుడూ అడిగే ప్రశ్న. టైమ్ మెషీన్ నిజంగా చేయొచ్చా అన్నా? సగం చేయొచ్చు. వేగంగా కదిలే గడియారం నెమ్మదిగా నడుస్తుందని ఐన్‌స్టీన్ చెప్పాడు. 1971లో హాఫెలే, కీటింగ్ అనే ఇద్దరు అణు గడియారాలను విమానాల్లో పెట్టుకుని భూమి చుట్టూ తిరిగి వచ్చి, నేల మీది గడియారంతో పోల్చి చూస్తే తేడా వచ్చింది. మీ ఫోన్లో దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు, వేగం ఒకవైపు గురుత్వాకర్షణ ఒకవైపు లాగగా, మొత్తం మీద రోజుకు 38 మైక్రోసెకన్లు ముందుకు పోతాయి. ఆ తేడాను సరిదిద్దకపోతే మీ ఆటో జగ్గయ్యపేటకు బదులు ఇంకెక్కడో తేలుతుంది. కాంతి వేగానికి దగ్గరగా ప్రయాణం చేయగలిగితే కొన్నేళ్ళలో 2504కు చేరుకోవడం సూత్రప్రకారం తప్పేమీ కాదు. వెనక్కి, 1526కు వెళ్ళే దారి మాత్రం ఇంతవరకు ఎవరికీ తెలియదు. చదువుకున్న ఫిజిక్స్‌లో నాకు బాగా నచ్చిన సంగతుల్లో ఇదొకటి.

మొన్న హాస్టల్‌కు వచ్చినప్పుడు రాత్రి భోజనాల దగ్గర పిల్లల్ని అడిగాను, టైమ్ మెషీన్ ఉంటే ఏ సంవత్సరానికి పోతారని. ఎక్కువమంది రాయల కాలానికే చేతులెత్తారు, బజార్లో రత్నాలు రాసులు పోసి అమ్మేవాళ్ళని పాఠంలో చదివారట. ఇద్దరు పదో తరగతి పబ్లిక్ పరీక్షలు అయిపోయిన రోజుకు పోతామన్నారు. ఆరో తరగతిలో కొత్తగా చేరిన ఒక బుడ్డోడు మాత్రం కంచం ముందు పెట్టుకుని చాలాసేపు ఆలోచించాడు.

“మొన్న దసరా సెలవుల్లోకి అన్నా” అన్నాడు.